రైలు ఆగిపోయే ఊళ్లో... ముగ్గురి ప్రేమకథ!

అజీజ్‌నగర్ గేటు దగ్గర మర్రిచెట్టు కింద బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్లు గట్టిగా వాదించుకుంటున్నారు. పరీక్షల గురించి కాదు. క్రికెట్ గురించీ కాదు. జపాన్‌లో మంచు కురిసే ఓ చిన్న ఊళ్లో, హైస్కూల్లో చదివే ఒక అబ్బాయి, ఇద్దరు అమ్మాయిల గురించి!

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు వెళ్తుంటే పోలీస్ అకాడమీ కూడలి దాటిన కాసేపటికి వస్తుంది అజీజ్‌నగర్. ఒకవైపు ఉస్మాన్‌సాగర్, ఇంకోవైపు హిమాయత్‌సాగర్. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అలాంటి గండం రాకూడదని కట్టిన చెరువులివి. మొదటిది 1920లో పూర్తయితే రెండోది 1927లో. ఆ రెండు నీళ్ల మధ్యనుంచి వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ మర్రిచెట్లు. పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం నాలుగున్నరకు ఈ దారంతా కాలేజీ బస్సులే. విద్యాజ్యోతి కాలేజీ ఇక్కడే, కేఎల్ యూనివర్సిటీ ప్రాంగణం ఇక్కడే. ఇంకాస్త ముందుకెళ్తే మరిన్ని కాలేజీలు.

అక్కడ చెవిన పడ్డ మాటలివి.

‘నోయెకు ఆశ పెట్టి మళ్ల హిరోమి దిక్కు చూసుడేంది రా?’

‘హిరోమి ఏం పాపం జేసింది? చిన్నప్పట్నుంచి వానికి ఆమెనే కదా ఇష్టం!’

‘ఇష్టముంటే ముందుగాలనే చెప్పాలె. నోరు మూసుకొని కూసుంటే ఎట్ల తెలుస్తది?’

ఇద్దరిలో ఎవరూ తగ్గేలా లేరు. వీళ్లు మాట్లాడుకునేది ఏ సీనియర్ గురించో, పక్క సెక్షన్ వాళ్ల గురించో అనుకుంటే పొరపాటే. ‘కాదన్నా, అది బొమ్మల సీరియల్’ అని నవ్వాడు మూడో కుర్రాడు. పేరు ‘ట్రూ టియర్స్’. అంటే నిజమైన కన్నీళ్లు. 2008 జనవరి నుంచి మార్చి దాకా జపాన్ టీవీలో వచ్చింది. మొత్తం 13 భాగాలు. అది వచ్చినప్పుడు ఈ కుర్రాళ్లకు మాటలైనా సరిగ్గా వచ్చి ఉండవు!

నోబితాను మరిచిపోయారా?

జపాన్ వాళ్లు తీసే బొమ్మల సినిమాలనూ సీరియళ్లనూ అనిమే అంటారు. అదేదో కొత్త సంగతనుకునే అమ్మానాన్నలకు ఒక ప్రశ్న. మీ ఇంట్లో డోరేమాన్ మోగని వేసవి సెలవులు ఉన్నాయా? చదువు రాని నోబితాకు షిజుకా అంటే ఇష్టం. షిజుకా మెచ్చుకునేదేమో అన్నిట్లో ఫస్టు వచ్చే దెకిసుగిని. నాలుగో ఐదో చదివే పిల్లల కథలోనే ముక్కోణపు ప్రేమ ఉంది. మనం గమనించలేదంతే.

పెద్దయ్యాక ఆ పిల్లలే పెద్ద కథలు వెతుక్కున్నారు. ఈమధ్య తెలుగు మాటలతోనూ వస్తున్నాయి. ‘సోలో లెవెలింగ్’ 2024లో తెలుగులో వచ్చింది. ‘డెమన్ స్లేయర్’ సినిమా 2025 సెప్టెంబరులో మన థియేటర్లకే వచ్చేసింది. అదే ఏడాది జనవరిలో, జపాన్ వాళ్లూ మనవాళ్లూ కలిసి 1993లో తీసిన బొమ్మల రామాయణం కూడా తెలుగు మాటలతో విడుదలైంది. ఇవన్నీ యుద్ధాల కథలు. కత్తులు, రాక్షసులు, మంటలు. బడి ప్రేమకథల సంగతి వేరు. అందులో ఎవరూ ఎగరరు. ఎవరూ చావరు. ఒక అబ్బాయి సాయంత్రం బడి నుంచి ఇంటికి నడిచి వస్తాడు. పక్కన ఒక అమ్మాయి ఉంటుంది. వెనకాల ఇంకో అమ్మాయి చూస్తుంటుంది. అంతే! ఆ నడకకే పిల్లల గుండె దడదడలాడుతుంది.

మనకేం కొత్త? ఒక్క పారిజాతం పువ్వు రుక్మిణి చేతికెళ్లినందుకు సత్యభామ అలక గది తలుపు వేసుకుంది. ‘ప్రేమదేశం’ 1996లో వచ్చినప్పుడు ఇద్దరు స్నేహితుల్లో ఆ అమ్మాయి ఎవరికి దక్కాలని హాస్టళ్లలో ఎంత గొడవ! మర్రిచెట్టు కింద కుర్రాళ్లది కూడా ఆ గొడవే. ఊరే వేరు.

ఏడుపు రాని అమ్మాయి

‘ట్రూ టియర్స్’ కథానాయకుడు షినిచిరో. సారా కాచే పాత కుటుంబం వాళ్లది. వాడికి మాత్రం పిల్లల బొమ్మల పుస్తకాలు గీయాలని కోరిక. వాళ్లింట్లోనే ఉంటుంది హిరోమి. తండ్రి పోయాక ఆ అమ్మాయిని వీళ్లు చేరదీశారు. బడిలో నవ్వుతూ తుళ్లుతూ ఉండే పిల్ల, ఇంట్లో అడుగుపెడితే పెదవి విప్పదు. షినిచిరో తల్లికి ఆమె అంటే పడదు. ఎందుకు పడదన్నది కథలో పెద్ద ముడి. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద, ఎదురుపడితే తల దించుకుని వెళ్లిపోయే ఇద్దరు. అడకత్తెరలో పోకచెక్కంటే ఎవరో, ఆ పిల్లను చూస్తే తెలుస్తుంది.

రెండో అమ్మాయి నోయె. షినిచిరోకు మొదటిసారి కనిపించేది ఎక్కడో తెలుసా? చెట్టు మీద! బడిలోని కోడికి ఎర్రపళ్లు కోయడానికి ఎక్కి కూర్చుంటుంది. నోయెకు ఏడుపు రాదు. కన్నీళ్లను తన నాయనమ్మ వెంట తీసుకుపోయిందని చెబుతుంది. తన కోసం కన్నీళ్లు తెచ్చిచ్చే మనిషి కావాలంటుంది. వీళ్లు చాలదన్నట్టు ఐకో అనే మూడో పిల్ల. చిన్న తినుబండారాల కొట్టు చూసుకుంటుంది. పెనం మీద గుండ్రంగా కాల్చి, మధ్యలో ఎర్ర గింజల తీపి ముద్ద పెట్టే ఇమగావాయకి అక్కడి పిల్లలకు సాయంత్రపు తిండి. మన పూర్ణం బూరెను నూనెలో వేయకుండా పెనం మీద కాల్చారనుకోండి. ఐకోకు మనసులో ఉన్నది షినిచిరో. చెయ్యి పట్టుకుని తిరిగేది అతడి స్నేహితుడితో.

చివరికి ఎవరు ఎవరికి దక్కారో ఇక్కడ రాస్తే అజీజ్‌నగర్ కుర్రాళ్లు ఊరుకోరు. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు. ఈ కథలో దుర్మార్గులు లేరు. అందరూ మంచివాళ్లే, అందరూ ఎవరో ఒకరిని నొప్పిస్తారు. రచయిత్రి మరి ఒకాడా, దర్శకుడు జున్జి నిషిమురా. పదహారేళ్ల పిల్లలు చెప్పలేక మింగేసిన మాటలను ఇంత ఓపిగ్గా విన్నవాళ్లు తక్కువ. మన సినిమాల్లో అయితే ఇంటర్వెల్ లోపే ఓ పాట, ఓ చెంపదెబ్బ అయిపోయేవి.

పట్టాలు అక్కడితో సరి

ఇక ఊరి సంగతి. కథలో ఆ ఊరికి వేరే పేరుంది. గీసింది మాత్రం జోహన అనే ఊరిని చూసి. జపాన్ పడమటి తీరంలో, తోయామా రాష్ట్రంలో, కొండల మొదట్లో ఉంటుంది. 2004లో చుట్టుపక్కల నాలుగు పట్టణాలూ నాలుగు గ్రామాలూ కలిపి నాంతో అనే నగరంగా చేశారు. అందులో ఒకటి జోహన. పేరుకే నగరం. అసలు రూపం పొలాలు, వాగులు, వంతెనలు, ఏటవాలు సందులు.

తకావోకా అనే పట్టణంలో డీజిల్ బండి ఎక్కితే 30 కిలోమీటర్లు. ఒంటి పట్టాల దారి. ముప్పావు గంట పైచిలుకు ప్రయాణం. 1897 నాటి లైను. జోహన స్టేషన్‌తో పట్టాలు ఆగిపోతాయి. ఆ తర్వాత కొండలే.

పిల్లల్ని వెంట తీసుకెళ్లేవాళ్లకు ఓ కొసమెరుపు. డోరేమాన్‌ను సృష్టించిన ఫుజికో ఎఫ్. ఫుజియో పుట్టింది ఆ తకావోకాలోనే, 1933లో. ఊళ్లో డోరేమాన్ రంగులేసిన ట్రామ్ తిరుగుతుంది. ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, నింజా హత్తోరిని గీసిన ఇంకో ఫుజికో, పక్కనున్న హిమి ఊరివాడు. ఈ లైన్లలో హత్తోరి బొమ్మల రైళ్లు ఏళ్ల తరబడి నడిచాయి. నోబితాతో మొదలైన పిల్లలు అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్తే షినిచిరో దగ్గరికి చేరతారన్నమాట!

జోహనను ‘చిన్న క్యోటో’ అంటారు. జెన్‌తోకుజి అనే పాత బౌద్ధ మందిరం ఊరికి నడిబొడ్డు. మే నెల మొదట్లో చెక్క రథాలు సందుల్లోంచి కిర్రుమంటూ కదులుతాయి. 2016లో యునెస్కో గుర్తింపు పొందిన 33 జపాన్ రథోత్సవాల్లో ఇదీ ఒకటి. సెప్టెంబరులో ముగియా పండుగ. 12వ శతాబ్దంలో యుద్ధంలో ఓడి ఈ కొండల్లో తలదాచుకున్న హెయికె వంశం వాళ్లు, కత్తులు వదిలి నాగలి పట్టి పాడుకున్న పాట అదని చెప్పుకుంటారు. నల్లటి దుస్తులు, చేతిలో గడ్డి టోపీ, పదునైన కదలికలు. సీరియల్‌లో షినిచిరో నేర్చుకునే నాట్యం ఈ ముగియాను చూసి రాసుకున్నదే. ప్రేమలో ఎటూ తేల్చుకోలేని పిల్లవాడిని, అడుగు తడబడితే పనికిరాని నాట్యంలో నిలబెట్టారు. బాగుంది కదూ!

పోచంపల్లి చీర కట్టుకునే ఆడవాళ్లకు నచ్చే సంగతి ఇంకోటి. జోహన పట్టుకు పేరు. అన్ని పట్టుల్లా కాదు. సాధారణంగా ఒక పట్టుగూటిలో ఒక పురుగే ఉంటుంది. అరుదుగా రెండు పురుగులు కలిసి ఒకే గూడు అల్లుకుంటాయి. ఆ గూటి దారం చిక్కుపడి, సన్నగా లావుగా వస్తుంది. వేరేచోట్ల పక్కన పడేసే ఆ దారంతోనే ఇక్కడ ‘షికే’ పట్టు నేస్తారు. 1877లో మొదలైన మత్సుయి వాళ్ల మిల్లు ఇప్పటికీ ఆ పని చేస్తోంది. గోడలకూ తలుపులకూ అంటించే ఆ బట్ట మీద గీతలు వంకరటింకరగా మెరుస్తాయి. రెండు పురుగుల లెక్కే ఇంత చిక్కైతే మూడు కలిస్తే ఎలా ఉంటుందో షినిచిరోను అడగాలి.

ఊరును గీసిందెవరు?

జపాన్‌లో బొమ్మల సినిమాలు తీసే సంస్థల్లో ఎక్కువ భాగం తోక్యోలోనే ఉంటాయి. కెంజి హొరికావా అనే నిర్మాత 2000లో తన సంస్థను తోయామాలో, ఈ జోహనలో పెట్టాడు. దాని పేరు పి.ఏ. వర్క్స్. మొదట్లో ఇతర సంస్థలకు పనిచేసి పెట్టేవాళ్లు. సొంతంగా నెత్తినేసుకున్న మొదటి సీరియల్ ‘ట్రూ టియర్స్’. మొదటి పనికి ఏ ఊరిని గీయాలి? కిటికీలోంచి కనిపించేదాన్నే గీశారు. మంచు, మబ్బు, వంతెన, మెట్లు. జోహనకు సముద్రం లేదు. కథలో ఊరికి మాత్రం సముద్రం కావాల్సి వచ్చింది. తోయామా తీరాన్ని తెచ్చి ఊరికి అతికించారు. ఆ తీరంలో నిలబడితే నీళ్ల మీదుగా మంచు కప్పిన 3,000 మీటర్ల కొండలు కనిపిస్తాయి. కాబట్టి అతికించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

సీరియల్ వచ్చాక చిత్రం జరిగింది. పేరు లేని ఆ సందులు వెతుక్కుంటూ కుర్రాళ్లు రైలు దిగడం మొదలుపెట్టారు. హిరోమి నిలబడ్డ చోట నిలబడాలి. షినిచిరో నడిచిన దారిలో నడవాలి. దీనికి జపాన్ భాషలో ఓ మాటే ఉంది. ‘సెయిచి జున్‌రెయి’. తీర్థయాత్ర అని అర్థం. గుళ్లకు వాడే మాటనే బొమ్మల కథల ఊళ్లకూ వాడేస్తున్నారు.

అదే సంస్థ 2011లో ‘హనసాకు ఇరోహా’ తీసింది. అందులోనూ బడిపిల్లలు, ఒకరికొకరు అందని ప్రేమలు. కనజావా దగ్గరి యువాకు వేడినీటి బుగ్గల ఊరిని చూసి గీశారు. కథ కోసం దీపాల పండుగ ఒకటి కల్పించారు. అలాంటి పండుగ ఆ ఊళ్లో ఎన్నడూ లేదు. ఊరివాళ్లేం చేశారు? ఆ ఏడాదే అక్టోబరులో నిజంగా ఆ పండుగ జరిపించారు. అప్పట్నుంచి అది ఊరి పండుగైపోయింది! బొమ్మలో పుట్టిన జాతర బయట జరగడం ఇంకెక్కడైనా విన్నామా?

అన్ని ఊళ్లకూ ఇంత సాఫీగా సాగలేదు. ‘స్లామ్ డంక్’ బాస్కెట్‌బాల్ కథ. కథానాయకుడికి హరుకో అంటే ఇష్టం, హరుకోకు వాడి జట్టులోని రుకావా అంటే ఇష్టం. అందులో కనిపించే కామాకురా సముద్రపు ఒడ్డు రైల్వే గేటు దగ్గర జనం రోడ్డు మీదే నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, వాళ్లను పక్కకు పంపడానికి మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. అక్కడ ఉండేవాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. జోహన దూరంగా ఉండటమే దాని అదృష్టమేమో.

మన దారి ఎవరు గీస్తారు?

‘ట్రూ టియర్స్’ మొదలవడానికి దాదాపు 3 నెలల ముందు, 2007 అక్టోబరు 2న, ‘హ్యాపీడేస్’ విడుదలైంది. గండిపేట దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీల ఆవరణల్లో తీశారు. అంటే అజీజ్‌నగర్‌కు చెరువు అవతలి గట్టు! ఆ సినిమా చూసి ఇంజినీరింగ్ కాలేజీలంటే అలాగే ఉంటాయనుకుని చేరినవాళ్లు ఎంతమందో. కాలేజీ మెట్లు, క్యాంటీన్ బల్లలు గుర్తుండిపోయాయి. కాలేజీకి వెళ్లే దారి మాత్రం ఎవరికీ గుర్తులేదు. మన కథలు ఎక్కువగా గేటు లోపలే జరుగుతాయి. జపాన్ వాళ్ల కథలు గేటు బయట, ఇంటికి వెళ్లే దారిలో జరుగుతాయి. తేడా అదే.

నిజానికి దారి విషయంలో మనకేం తక్కువ? నోయె ఎక్కింది ఒక్క చెట్టు. చేవెళ్ల దారిలో మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో 900కు పైగా మర్రిచెట్లున్నాయి. కొన్ని చోట్ల రెండు వైపుల కొమ్మలూ కలిసి బస్సు మీద గొడుగు పడతాయి. ఊడల వెనక నిలబడి ఎవరు ఎవరికి ఏం చెప్పారో ఆ చెట్లకే తెలియాలి. మధ్యలో చిలుకూరు బాలాజీ గుడికి మలుపు. వీసా రావాలంటే 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. ఇద్దరిలో ఒకరిని తేల్చుకోలేనివాడు ఎన్ని చేయాలో పూజారిగారే చెప్పాలి.

చెరువుల చుట్టూ కట్టడాలు పెరగకుండా 1996లో తెచ్చిన జీవో 111 ఈ చుట్టుపక్కల ఊళ్లను అంతస్తుల నుంచి కొంత కాపాడింది. ఆ ఆంక్షలు తొలగిస్తూ 2022లో ఇంకో జీవో వచ్చింది. రోడ్డును నాలుగు వరుసలు చేసే పని చెట్ల కోసం వేసిన కేసుతో ఏళ్ల తరబడి హరిత ట్రైబ్యునల్ ముందు నలిగింది. చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నిటిని తీసి వేరేచోట నాటేలా 2025 చివర్లో దారి కుదిరింది. రోడ్డు వెడల్పు కావాలనేవాళ్ల బాధ చిన్నది కాదు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర లారీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. చదువుకునే పిల్లలూ అందులో ఉన్నారు. ఆ ఇళ్లకు వెళ్లి చెట్ల గురించి మాట్లాడలేం. అయినా, రోడ్డు మారకముందే ఈ దారిని ఎవరైనా కాగితం మీద పెట్టాలి. ఎండ పొడలు ఎలా పడేవి, బస్సు ఏ చెట్టు కింద ఆగేది, సాయంత్రం ఆరు దాటితే నల్లటి ఊడల మధ్య చెరువు నీళ్లు ఎలా మెరిసేవి... మన హైదరాబాద్‌లో బొమ్మలు గీసే సంస్థలకు కొదవా? ఛోటా భీమ్ పుట్టింది ఈ నగరంలోనే. భీమ్ ఉండే ఢోలక్‌పూర్‌కు మాత్రం ఏ బస్సూ పోదు.

వెళ్లాలనుకుంటే...

తోక్యో నుంచి హొకురికు బుల్లెట్ రైలు 2015 నుంచి ఈ వైపు నడుస్తోంది. షిన్-తకావోకాలో దిగితే అక్కడే జోహన బండి దొరుకుతుంది. పెద్ద కిటికీలతో ప్రత్యేకంగా చేసిన యాత్రికుల రైలు కూడా ఒకటుంది. కిటికీ చట్రంలోంచి పొలాలూ కొండలూ గోడకు తగిలించిన పటాల్లా కనిపిస్తాయి. జోహన నుంచి గోకయామా కొండల్లోకి బస్సులున్నాయి. చేతులు జోడించినట్టుండే నిట్టనిలువు గడ్డి కప్పుల ఇళ్లు అక్కడి ప్రత్యేకత. యునెస్కో 1995లోనే గుర్తించింది. అవి చూడటానికి వచ్చేవాళ్లే ఎక్కువ. జోహనలో దిగి సందుల్లో తిరిగేవాళ్లు తక్కువ.

ఊరివాళ్లకు ఆ తక్కువ మందే ముఖ్యమనిపించినట్టుంది. 2013లో నాంతో నగరం కోసం పి.ఏ. వర్క్స్ ‘కోయితాబి’ అనే చిన్న చిత్రం తీసింది. కోయి అంటే ప్రేమ, తాబి అంటే ప్రయాణం. మూడు జంటల కథ. దానికి ఓ చిత్రమైన షరతు పెట్టారు. నాంతో పొలిమేర లోపల ఉంటేనే చూసే వీలుండేది. కథ కావాలా, రైలెక్కి రండి అన్నమాట! నాలుగేళ్ల తర్వాత ‘సాకురా క్వెస్ట్’ వచ్చింది. కుర్రవాళ్లు వెళ్లిపోగా ముసలివాళ్లు మిగిలిన ఊరిని నిలబెట్టడానికి ఐదుగురు అమ్మాయిలు పడే తంటాలు. అదీ ఈ ప్రాంతాన్ని చూసి గీసిందే. ప్రేమకథలతో ఊరికి కళ వచ్చింది గానీ, ఊరి కష్టం పోలేదు. రైలుకు జనం చాలడం లేదు. ఈ లైనును జేఆర్ సంస్థ నుంచి స్థానిక రైల్వేకు అప్పగించాలని 2023లో నిర్ణయించారు.

కథ నడిచేది ఎక్కువగా చలికాలంలో. అదే మంచు చూడాలంటే జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్లండి. మోకాళ్ల దాకా బూట్లు తప్పనిసరి. నాట్యం చూడాలంటే సెప్టెంబరు. పి.ఏ. వర్క్స్ ఇప్పటికీ ఇక్కడే, సాకురగాయికే చెరువు పక్కన ఉంది. తిరుగు బండి వేళ మాత్రం స్టేషన్‌లో దిగగానే చూసి పెట్టుకోండి. ఒక బండి తప్పితే తర్వాతిది రావడానికి గంటకు పైనే పట్టొచ్చు.